వరుసలో ఆయన చోటు

మనిషి పొట్టి, ప్రార్థన పొడుగు అని సంఘంలో ఆమె గురించి వెనకాల అనుకునేవాళ్ళు. ఆమె భర్త మాత్రం మొహం మీదే అనేవాడు. నీ ప్రార్థన ముగిసేలోగా రోగికి నయమై, లేచి, అన్నం తిని, ఇంకో జబ్బు కూడా తెచ్చుకుంటాడే అని నవ్వేవాడు. ఆయన ఇళ్ళకు రంగులు వేసేవాడు. నవ్వితే కనుబొమల మీది సున్నపు పొడి రాలేది. ఆమెకు కోపం వచ్చేది కాదు. రోగుల్ని తొందరపెట్టకూడదు, దేవుణ్ణీ తొందరపెట్టకూడదు అనేది.

ఆదివారం పాటలయ్యాక, పాస్టరు గారు వాక్యం చెప్పబోయే ముందు, జబ్బుపడినవాళ్ళ కోసం ప్రార్థించే పని ఆమెది. ఎప్పుడు, ఎవరు అప్పగించారో ఎవరికీ గుర్తులేదు. కిటికీ పక్క బల్ల చివర నుంచి లేచి, కొంగు తల మీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని మొదలుపెట్టేది. పేర్లు చెప్పేది కాదు. పేర్లు దేవుడికి తెలుసు, నొప్పులు గుర్తుచేస్తే చాలని ఆమె నమ్మకం. మిల్లు కాపలాదారు మోకాలు, ప్రభువా. టీచరమ్మ కంటి పొర, ప్రభువా. ఒక్కో నొప్పి దగ్గర ఆగితే సంఘమంతా ఆమేన్ అనేది. ఎంత పొడుగైనా వరుస తప్పేది కాదు.

ఆ వరుస మొక్కల నర్సరీలో తయారయ్యేది. ఆమె పని అక్కడే. ఎర్రమట్టి, ఇసుక, మాగిన పేడ కలిపి నల్లటి సంచుల్లో నింపాలి. ఏటవాలుగా కోసిన కొమ్మ ముక్కను మధ్యలో గుచ్చి, బొటనవేళ్ళతో చుట్టూ అదమాలి. నీడ పందిరి కింద వరుసగా పేర్చాలి. ఒక్కో సంచికి ఒక్కో రోగిని తలుచుకునేది. గులాబీ కొమ్మ గుచ్చుతూ టీచరమ్మను, మందార కొమ్మ గుచ్చుతూ బస్సు డ్రైవరు వెన్నును. వారం తిరిగేసరికి పందిరి కింద సంచులూ, ఆమె నాలుక మీద మనుషులూ ఒకే వరుసలో నిలబడేవాళ్ళు.

ఆమె రోడ్లు వేసే మేస్త్రీ కూతురు. చిన్నతనమంతా గుడారాల్లో గడిచింది. రోడ్డు ఎంత ముందుకు పోతే గుడారం అంత ముందుకు జరిగేది. పరిచయమైన పిల్ల మొహం నిద్రలేచేసరికి వెనకబడిపోయేది. పెళ్ళయి ఈ వీధికి వచ్చిన మొదటి ఆదివారం భర్త ఆమెకు చర్చిలో కిటికీ పక్క బల్ల చూపించి, ఇది నీ చోటు, ఎవరైనా కూర్చుంటే నాకు చెప్పు అన్నాడు. మళ్ళీ ఆదివారం వెళ్తే ఆ చోటు అక్కడే ఉంది. ఆమె కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. పక్కవాళ్ళు వాక్యం తాకిందనుకున్నారు. తాకింది బల్ల.

రంగుల దుమ్ము ఏళ్ళ తరబడి ఆయన ఊపిరితిత్తుల్లోకి దిగుతూ వచ్చింది. మొదట నిచ్చెన ఎక్కడం మానేశాడు, తర్వాత మెట్లు, చివరికి గడప. అలా ఆయన కూడా వరుసలోకి వచ్చాడు, మిల్లు కాపలాదారు మోకాలికీ టీచరమ్మ కంటికీ మధ్యన. మొగుణ్ణి ముందు పెట్టుకోవచ్చు కదే అని వదిన నిలదీసింది. వదిన అంటే ఆయన అక్క. వీధి మలుపులో ఇస్త్రీ దుకాణం ఆమెది. మాట కూడా ఇస్త్రీపెట్టె కింది నుంచి తీసినట్టే ఉండేది, వేడిగా, ఒక్క మడత లేకుండా. మనవాళ్ళని ముందుకు తోస్తే ఏం బాగుంటుంది వదినా అని ఈమె తల దించుకుంది.

ఆయనకు తగ్గుతుందని ఆమె ఊరికే ఆశపడలేదు, నమ్మింది. ఆశపడేవాళ్ళు తలుపు వంక చూస్తూ కూర్చుంటారు. నమ్మినవాళ్ళు కంచం కడిగి పెడతారు. ఆమె ఆయన బ్రష్షులన్నీ కడిగి, కుచ్చులు దువ్వి, ఎండలో ఆరబెట్టింది. పనిలోకి వెళ్ళే రోజున వెతుక్కోకుండా గుమ్మం పక్కనే పెట్టింది.

ఒక మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని ఆమె ప్రార్థిస్తూ ఉండగానే ఆయన పోయాడు. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. గదిలో చప్పుడు తగ్గింది, నిద్ర పట్టింది కాబోలనుకుంది. చాలాసేపు ప్రార్థిస్తూనే ఉంది.

సమాధి మీద మట్టి ఆరకముందే ఆదివారం వచ్చింది. ఈ వారం ఇంట్లోనే ఉండమ్మా అని పాస్టరు గారు కబురు చేశారు. ఆమె వచ్చింది. పాటలయ్యాక ఎవరూ పిలవకుండానే లేచి, కళ్ళు మూసుకుంది.

"మిల్లు కాపలాదారు మోకాలు, ప్రభువా."

ఆమేన్ అంది సంఘం.

"మా ఆయన ఊపిరి, ప్రభువా. ఈ వారం మరీ బరువుగా ఉంది. కాస్త తేలిక చెయ్యి."

ఆమె ఆగింది. ఎప్పటిలాగే ఆమేన్ కోసం ఆగింది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. అది ఇంత చప్పుడు చేస్తుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఆమేన్ అందామంటే మనిషి లేడు, అనకుండా ఉందామంటే ఆమె ఎదురుగా నిలబడి ఉంది. ఆమె కళ్ళు తెరిచి అందరినీ ఒకసారి చూసింది. ఏమైందని అడగబోయినట్టు పెదవులు కదిలాయి. అప్పుడు తెలిసింది ఆమెకు. హార్మోనియం అతను శ్రుతి కూడా చూసుకోకుండా ఏదో పాట ఎత్తుకున్నాడు. ఆమె కొంగు తల మీద ఉండగానే బయటికి నడిచింది.

ఆ తర్వాత ఆమె వచ్చేది, చివరి బల్లలో కూర్చునేది, వెళ్ళిపోయేది. రోగుల ప్రార్థన పాస్టరు గారి భార్య చేస్తోంది. క్లుప్తంగా, చక్కగా చేస్తోంది. బయట చెప్పులు వేసుకునే దగ్గర ఆడవాళ్ళు ఆమె భుజం మీద చెయ్యి వేసి, అంతా దేవుని చిత్తం అనేవాళ్ళు. ఆమె తలూపేది. ఆ మాట విన్నప్పుడల్లా ఎక్కడో గుడారం మేకులు పీకుతున్న చప్పుడు వినిపించేది. ఇంట్లో మోకాళ్ళ మీద కూర్చుంటే ఒక్క మాట వచ్చేది కాదు. ఎండిన కుళాయి ముందు బిందె పెట్టుకున్నట్టు కూర్చుని, మోకాళ్ళు తిమ్మిరెక్కాక లేచేది. ఆయన లేకపోవడం ఒక దుఃఖం. ఆ దుఃఖాన్ని ఎవరి దగ్గర దించుకోవాలో ఆ దేవుడితోనే మాట పోవడం ఇంకో దుఃఖం. మొదటిది చూసి జాలిపడేవాళ్ళు చాలామంది. రెండోది ఎవరికీ చెప్పలేదు.

నర్సరీలో కొత్తగా పనికి వచ్చేవాళ్ళకు ఆమె చెప్పే మొదటి మాట ఒకటుంది. గుచ్చిన కొమ్మను పీకి చూడొద్దు. నీళ్ళు పొయ్యి, నీడన పెట్టు, చిగురు వేసేదాకా వేరు సంగతి నీకెందుకు. అలాంటి మనిషి ఒక ఉదయం పందిరి కింద గొంతుక్కూర్చుని కొమ్మలు పీకడం మొదలుపెట్టింది. పీకి, అడుగు తుడిచి, వెలుతురుకు పట్టి చూసి, పక్కన పడేస్తోంది. కొన్నిటికి దారపు పోగుల్లాంటి తెల్లటి వేళ్ళు వస్తున్నాయి. కొన్ని నల్లగా కుళ్ళిపోయాయి. రెంటినీ ఒకే రకంగా చూసింది. వరుస సగం ఖాళీ అయ్యాక యజమాని వచ్చాడు. ఆయనకు దేవుడి సంగతి పెద్దగా పట్టదు, మొక్కల సంగతి పడుతుంది.

"పీకి చూస్తే ఉన్న వేరూ తెగుతుంది కదమ్మా. అందరికీ నువ్వే కదా చెప్తావు" అన్నాడు మెల్లగా.

"తెలుసు బాబూ" అని ఆమె ఇంకొకటి పీకింది.

ఆయన పక్కన కూర్చుని, వేళ్ళున్న ముక్కల్ని ఏరి మళ్ళీ సంచుల్లో గుచ్చుతూ పోయాడు. అవి బతుకుతాయని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు.

వానలు మొదలయ్యాక వదిన కడుపులో గడ్డ ఉందని తేలింది. ఆపరేషన్ చెయ్యాలన్నారు. వదినకు వెనకా ముందూ ఎవరూ లేరు, ఆసుపత్రిలో తోడు ఈమే ఉంది. ఇన్నేళ్ళలో వదిన తన కోసం ప్రార్థించమని ఎవరినీ అడగలేదు. నా గోల ఆయనకెందుకు, ఆయన పని ఆయనకుంది అనేది. ఆపరేషన్ రోజు పొద్దున నర్సు ఆకుపచ్చ గౌను తొడిగి వెళ్ళాక, వదిన పైకప్పు వంక చూస్తూ అంది.

"ప్రార్థన చెయ్యవే."

"నాకు రావట్లేదు వదినా."

"నీకు రాకపోతే ఇంకెవరికొస్తుంది?"

"మీ తమ్ముడికి చేశాగా. ఏమైంది? బాగుచెయ్యమని మళ్ళీ ఏ మొహంతో అడగను?"

వదిన ఆమె చెయ్యి పట్టుకుంది. ఇస్త్రీపెట్టె పట్టి పట్టి కాయలు కాసిన ఆ అరచెయ్యి ఆ రోజు చల్లగా ఉంది.

"బాగుచెయ్యమని అడగమన్నానా నేను? నాకు భయమేస్తోందే. ఆ ముక్క ఆయనకి చెప్పు, చాలు. నాకు చెప్పడం చేతకాదు."

ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. వదిన మొహం మీదే చూపు నిలిపింది, ఎక్కడికైనా పోతుందేమోనన్నట్టు.

"ప్రభువా, మా వదినకి భయంగా ఉంది." అంతటితో ఆగిపోతుందనుకుంది గానీ ఆగలేదు. "నాకూ భయంగానే ఉంది. నీ మీద కోపంగా కూడా ఉంది. నేను కళ్ళు మూసుకుని నీతో మాట్లాడుతుంటే ఆయన్ని తీసుకుపోయావు, ఒక్క మాటైనా చెప్పలేదు. నిన్ను వదిలేసి పోదామంటే నాకు వేరే చోటు లేదు. ఏం చెయ్యమంటావు నన్ను?"

వదిన కణతల మీదుగా కన్నీళ్ళు చెవుల్లోకి జారాయి.

"దెబ్బలాడినట్టుందే" అంది వదిన.

"దెబ్బలాడినట్టే వదినా."

"మంచిది. మాటల్లేకుండా ఉండేదానికన్నా నయం."

స్ట్రెచర్ బండి వచ్చింది. ఆమె దాని పక్కనే చెయ్యి వదలకుండా నడిచింది. రెండు రెక్కల తలుపు దగ్గర నర్సు వేళ్ళు విడదీసింది. తలుపులు ఊగి, నెమ్మదించి, ఆగాయి.

బయట ఇనుప బెంచీ మీద కూర్చుంది. వదినకు ఏమవుతుందో ఆమెకు తెలియదు. తెలుసని తనకు తాను చెప్పుకోలేదు కూడా. వాన కిటికీ అద్దాల మీద కొడుతోంది. బెంచీ అవతలి చివర ఒకావిడ ఒళ్ళో చిన్న చెప్పుల జత పెట్టుకుని, ఆ తలుపు వంకే చూస్తోంది.

ఈమె కొంచెం పక్కకు జరిగింది.

"మీవాళ్ళెవరమ్మా లోపల?"

"మా పాప. మేడ మెట్ల మీద పడింది. చెయ్యి విరిగింది."

"ఏ చెయ్యి?" అని అడిగింది ఆమె, తల మీది కొంగు సర్దుకుంటూ.

ఆవిడ తన కుడి మోచెయ్యి ముట్టుకుని చూపించింది.