సన్మానపత్రంలో నేను రాసిన వాక్యం

పిల్లల పట్ల దయ చూపిన పెద్దలకు మా మహిళా సమాజం ఏటా సన్మానం చేస్తుంది. శాలువా, పళ్లబుట్ట, ఫ్రేము కట్టించిన సన్మానపత్రం. ఆ పత్రం రాసేది నేనే. రాయచూరులో కన్నడం, తెలుగు రెండూ తప్పుల్లేకుండా రాసే మనిషి నాకు ఇంకొకరు కనబడలేదు కాబట్టి.

ఆ ఏడాది బాలికల హాస్టల్లో వంట చేసే ఆమె పేరు వచ్చింది. "పిల్లలను ప్రేమగా చూసుకుంటుంది" అని రాసి పంపారు. నేను ఒప్పుకోలేదు. ప్రేమగా అంటే ఏమిటి? ఏం చేసిందో చెప్పాలి కదా. హాస్టలుకు వెళ్లి ఆమెనే అడిగాను.

"ఏం జేస్తనక్కా. అన్నం వండుత, పగార్ దీస్కుంట. గంతే," అంది, బియ్యంలో రాళ్లు ఏరుతూ, తల ఎత్తకుండా.

పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి అడిగాను. యరగేర నుంచి వచ్చిన ఏడో తరగతి పిల్ల ఏదో చెప్పబోయి ఆగింది. నేను వదిలేదాన్నా?

"చెప్పకుంటే మీ వంట అవ్వకు సన్మానం రాదు. నీ ఇష్టం మల్ల," అన్నాను.

ఆ పిల్ల గోడ వైపు తిరిగి చెప్పింది. తను ఇంకా పక్క తడుపుతుందట. రోజూ అందరూ లేవకముందే అవ్వ వచ్చి దుప్పటి మార్చి, ఉతికి, వంటింటి వెనక ఆరేస్తుందట. ఏడాదిన్నరగా ఎవరికీ తెలియదు.

"మందిల చెప్పరు గదా మేడం?"

"నీ పేరు రాయను," అన్నాను. రాయలేదు. "యరగేర నుంచి వచ్చిన ఏడో తరగతి బాలిక" అని రాశాను. ఆ తరగతిలో ఆ ఊరి పిల్ల ఇంకొకతె ఉందో లేదో కనుక్కోవాలని తోచలేదు. వాక్యం అందంగా కుదిరింది. అదే చూసుకున్నాను.

సభలో చదివిందీ నేనే. కన్నడ అధ్యాపకుడొకాయన మెచ్చుకోలుగా తలూపాడు. హాస్టలు పిల్లలంతా ముందు వరుసల్లో కూర్చున్నారు. దుప్పటి మాట దగ్గరికి వచ్చేసరికి వాళ్ల తలలన్నీ ఒక్క పిల్ల వైపు తిరిగాయి. ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఆపలేదు. ఇంకా రెండు పేరాలు మిగిలి ఉన్నాయి.

పది రోజులకు ఫొటో ఇవ్వడానికి పొద్దున్నే హాస్టలుకు వెళ్లాను. స్నానాలకు వరుసలో నిలబడ్డ పిల్లలందరి ముందూ, నల్లా కింద, ఆ పిల్ల తన దుప్పటి తనే ఉతుక్కుంటోంది.

"నువ్వు ఉతుకుతలేవా?" అని వంటామెను అడిగాను.

"ముట్టనిస్తలేదక్కా. ఇంకెవరికి తెల్వకుండ దాస్తవవ్వా అంటది."

పిల్ల చేతులు తుడుచుకుని వచ్చి ఫొటో చూసింది. మైకు ముందు నేను, పక్కన కుర్చీలో శాలువాతో వంటామె, కింద పిల్లలు. నేను బాగా పడ్డానని ఏరి తెచ్చిన ఫొటో అది.

"గీ ఫొటోల నన్ను దేవులాడే పనే లేదు మేడం," అంది. "అందరు నా దిక్కే సూస్తున్నరు."

మళ్లీ వెళ్లి దుప్పటి పిండుకుంది. వంటామె ఆ ఫొటోను బియ్యం డబ్బా మీద బోర్లా పెట్టింది.

"చాయ్ దాగుతవా అక్కా?"

తాగాను. చక్కెర తక్కువైందని కూడా అన్నాను.