పులివెందుల మోటారు పెట్టెకు హద్దు పెట్టి వచ్చిన ప్రయాణం

ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా నేరుగా పోవచ్చు. నేను మాత్రం జమ్మలమడుగు చుట్టూ తిరిగి పోయాను. ఈ కథనం చదివి ఎవరైనా బయల్దేరితే నా దారి పట్టకండి, నాకు వేరే గతి లేక అలా పోయాను.

బోరు మోటార్లను ఫోన్‌తో నడిపించే పెట్టెలు చేసే చిన్న కంపెనీ మాది. పెట్టె లోపల నడిచే ప్రోగ్రాం రాసింది నేనే. ప్రతి పెట్టెలోనూ ఒక చిన్న డేటాబేస్ ఉంటుంది, మొత్తం ఒకే ఫైలు. మోటారు ఎప్పుడు తిరిగింది, ఎప్పుడు ఆగింది, అన్నీ అందులో పడతాయి. పులివెందుల అవతల ఒక చీనీ తోటలో, అంటే బత్తాయి తోటలో, ఆ ఫైలు పెరిగి పెరిగి మెమరీ చిప్‌ను మొత్తం నింపేసింది, మోటారు తిరగడం ఆగిపోయింది. పాతవి చెరిపేద్దామని ఆఫీసులో కూర్చుని ఫోన్ ద్వారానే ప్రయత్నించాను. ఇలాంటి ఫైల్లో ఏదైనా చెరపాలంటే, ముందు దాన్ని పక్కన రాసిపెట్టుకోవడానికి కాస్త జాగా ఉండాలి. ఆ కాస్త కూడా మిగల్లేదు. కేబుల్ పట్టుకుని మనిషి పోవాల్సిందే. ఆ పాత రకం పెట్టెకు సరిపడే కేబుల్ జమ్మలమడుగులో మా డీలరు ఖాదర్ మామ దగ్గర తప్ప ఎక్కడా లేదు.

పొద్దున ఆరున్నరకు బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు సున్నా. సీటు మాత్రం ఎవరి అదృష్టం వాళ్లది, జమ్మలమడుగు వచ్చేదాకా లాప్‌టాప్ సంచిని గుండెకు హత్తుకుని నిలబడ్డాను. కండక్టరు జాలిపడి, ఇంజను పక్కన వేడి తగులుతుంది గానీ కూర్చోవచ్చునమ్మా అన్నాడు. మే నెలలో ఆ మర్యాద నాకొద్దన్నాను.

జమ్మలమడుగులో ఖాదర్ మామ బస్టాండు ఎదురుగానే నిలబడి ఉన్నాడు. కేబుల్ ఇచ్చే ముందు ఎర్రకారం దోసె తినిపించాడు. తింటున్నంతసేపూ ఆ తోట సంగతి చెప్పాడు. తోట అన్నదమ్ములది, బోరు మాత్రం ఒకటే. రెండు రోజులు అన్న ఓబులేసు వంతు, రెండు రోజులు తమ్ముడి వంతు. తమ్ముడు కువైట్‌లో లారీ తోలుతున్నాడు, ఇక్కడ తోట చూసేది అతని భార్య లక్ష్మీదేవి. రెండేళ్ల కిందట నీళ్ల దగ్గరే మాటలు పోయాయి. పెట్టె బిగించేటప్పుడు ఇద్దరూ కలిసి ఒప్పుకున్నది ఒక్కటే, పెట్టెలో లెక్క పడకుండా మోటారు తిరగకూడదని. వాళ్లు కోరినట్టే నేను ప్రోగ్రాంలో పెట్టాను. అందుకే ఫైలు నిండగానే మోటారు కూడా మొండికేసింది.

పెట్టెతో పని లేకుండా వైరు తగిలించి మోటారును నేరుగా తిప్పుకోవచ్చు గదా అని అడిగాను.

"యాడమ్మా, నేను చెప్పి చెప్పి అలిసిపోయినా. లెక్కలో పడని నీళ్లు నాకొద్దని ఆయన, నాకూ వద్దని ఆమె. ఆయనవి ముదురు చెట్లు, తట్టుకుంటాయి. ఆ బిడ్డవి లేత చెట్లు, తొలి కాపు. ఈ ఎండకు పిందె రాలిపోతాంది."

దోసె మిగిల్చి లేచాను. ముద్దనూరు మీదుగా పోయే బస్సు ఎనిమిదిన్నరకు దొరికింది, ఈసారి కిటికీ పక్కన సీటుతో సహా. రోడ్డుకు అటూ ఇటూ నాపరాళ్ల గనులు, పేర్చిన బండలు, వాటి మీద తెల్లటి దుమ్ము. పక్కన కూర్చున్న పెద్దామె కూతురి కాన్పుకు పోతోంది. నేనెందుకు పోతున్నానని అడిగితే, నిండిపోయిన పెట్టెలో పాతవి తీసి జాగా చేయడానికని చెప్పాను. "మా ఇంట్లో బీరువా గూడా ఉంది, వస్తావా?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

పులివెందులలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. బేరమాడితే తగ్గుతారు, నాకు ఓపిక లేక అడిగినంత ఇచ్చాను. తోట చేరేసరికి పదకొండు దాటింది. గట్టు మీద బోరు, దానికి అటు ఓబులేసు మామ, ఇటు లక్ష్మీదేవి నిలబడి ఉన్నారు. ఆమె తోటలో ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి, చెట్ల కింద గోలీలంత పిందెలు రాలి ఉన్నాయి.

వేపచెట్టు నీడలో కేబుల్ తగిలించి ఫైలును లాప్‌టాప్‌లోకి లాగాను. అందులో మోటారు తిరిగిన వివరాలు గుప్పెడే. మిగతాదంతా ఫోన్లే! పెట్టెకు ఫోన్ చేస్తే మోటారు నడుస్తోందో లేదో చెప్తుంది, ఆ ఫోన్ కూడా ఫైల్లో పడుతుంది. ఆమె వంతులో ఆయన, ఆయన వంతులో ఆమె, దొంగ నీళ్లు పారుతున్నాయేమోనని పొద్దస్తమానం పెట్టెకు ఫోన్ చేస్తూనే ఉన్నారు. మధ్యలో కువైట్ నుంచి తమ్ముడు. పదేళ్లకు సరిపోవాల్సిన జాగాను అనుమానంతోనే నింపేశారు. నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

ఇకమీద ఫోన్లు ఫైల్లో పడవని, ఫైలు ఇంతకు మించి పెరగకుండా హద్దు పెడతానని, హద్దు దగ్గరికి రాగానే అన్నిటికంటే పాతవి వాటంతట అవే పోతాయని చెప్పాను. ఎంత వెనకటి దాకా ఉంచాలో మీరే చెప్పండన్నాను.

"అన్నీ ఉండల్లమ్మా, మొదట్నుంచీ" అన్నాడు ఓబులేసు మామ.

లక్ష్మీదేవి ఆయన వైపు చూడకుండా నాతో అంది: "పోయిన శ్రావణంలో నా వంతులో ఆయన పారించుకున్న నీళ్లు దాంట్లోనే ఉండాయక్కా. నేనూ ఒప్పుకోను."

నాకు ఒళ్లు మండింది. "అట్లయితే మళ్లీ నిండుతుంది, మళ్లీ ఆగుతుంది. మళ్లీ నేనొచ్చేసరికి ఈ చెట్లకు పిందె కాదు, ఆకు కూడా ఉండదు. పోట్లాట దాచుకుంటారా, తోట దాచుకుంటారా?"

అంత గట్టిగా అనకుండా ఉండాల్సిందేమో. ఓబులేసు మామ గట్టు దిగి, ఆమె తోటలో మొదటి చెట్టు దాకా పోయి, ఒక కొమ్మ పట్టుకుని చూసి వచ్చాడు.

"ఈ వంతు, పోయిన వంతు. రెండే పెట్టమ్మా" అన్నాడు. లాప్‌టాప్ వైపు చూసి, "మరి ఆ పాతవి?" అన్నాడు.

నా లాప్‌టాప్‌లో ఉన్నాయని, కావాలంటే దాచిపెడతానని నిజమే చెప్పాను. ఆయన లక్ష్మీదేవి వైపు చూశాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"తీసేస్తే మళ్లా రావా అక్కా?"

"రావు."

"తీసెయ్. నీ కాడ ఉండేవి గూడా తీసెయ్."

తీసేశాను. చెరిపినంత మాత్రాన ఈ ఫైలు చిన్నదైపోదు, ఖాళీలు ఖాళీలుగానే ఉండిపోతాయి. లాప్‌టాప్‌లోనే దాన్ని దగ్గరగా కుదించి, హద్దు పెట్టి, తిరిగి పెట్టెలోకి ఎక్కించాను. చెరపడానికి కావలసిన జాగా ఎప్పుడూ మిగిలేలా ఆ హద్దు చూసుకున్నాను. మోటారు ఆగింది ఆమె వంతు మొదటి రోజు ముగిసేసరికి, రెండో రోజు బాకీ ఉంది. కాబట్టి ఇవాళ ఒక్కరోజూ ఆమెదేనని మామే తేల్చాడు. మీట నొక్కితే మోటారు ఒక్కసారి మూలిగి అందుకుంది. డ్రిప్పు పైపుల చివర చుక్కలు పడేదాకా లక్ష్మీదేవి వంగి చూస్తూనే ఉంది. ఆమె పెట్టిన రాగి సంగటి, ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడి తిని బయల్దేరాను. రాత్రి అక్కడ ఉండాల్సి వస్తుందేమోనని బట్టలు తెచ్చుకున్నాను గానీ అవసరం పడలేదు.

నాలుగు గంటల బస్సు, ఈసారి నేరుగా ప్రొద్దుటూరుకు. ముద్దనూరు దాటాక ఫోన్ మోగింది. ఓబులేసు మామ.

"అమ్మా, రేపు, ఎల్లుండి నా వంతు గదా. వాల్వు ఆ లక్ష్మీదేవి తోటకే ఇడిసిపెడతాండా. పెట్టెలో ఏమని పడుతాది?"

పెట్టెకు వంతు తెలుస్తుంది గానీ నీళ్లు ఏ తోటకు పోయాయో తెలియదు. మీరే వాడుకున్నట్టు పడుతుంది మామా అన్నాను. మీరిచ్చినట్టు రాసే వీలు చేయమంటారా అని కూడా అడిగాను, ఆ మంచి పని ఎక్కడా రాసి లేకుండా పోతుందే అని నాకు మనసు పీకింది.

"ఎందుకులేమ్మా, పడనీ. రెండు వంతులైతే అదీ పోతాది గదా" అని పెట్టేశాడు.

పులివెందుల దారి పొడుగునా ఎండే ఎండ, దుమ్మే దుమ్ము. చూడదగ్గ ఊళ్లని ఎవరికీ చెప్పలేను. అయినా ఎర్రగుంట్ల వచ్చేదాకా ఓబులేసు మామ మాటే నా చెవిలో తిరుగుతూ ఉంది, కళ్లు తడిసినందుకు దుమ్మును తిట్టుకుంటూ కిటికీ మూశాను.