ఓర్కుల నాయకురాలి విచారణ

సోమవారం పొద్దున్న ఈతకొలను బల్ల వెనక కూర్చున్నప్పుడు ఇంగెలీస చెవుల వెనక ఇంకా కొంచెం ఆకుపచ్చ రంగు ఉండేది. ఎంత రుద్దినా పోయేది కాదు. స్నానం చేయకుండా నీళ్ళలోకి దిగబోయేవాళ్ళను వెనక్కి పంపడం ఆమె ఉద్యోగం. వీబోర్ ఊళ్ళో సగంమందిని ఆమె ఏదో ఒక రోజు వెనక్కి పంపే ఉంటుంది. వాళ్ళలో ఎవరైనా చెవి వంక చూసి, "నిన్న అడవికి వెళ్ళావా?" అంటే, "వెళ్ళాను. చచ్చాను. స్నానాల గది అటు," అనేది.

నెలకో ఆదివారం ఊరి బయటి అడవిలో వేషాల ఆట జరుగుతుంది. పిల్లలూ పెద్దలూ కలిసి రాజులుగా, సైనికులుగా, మంత్రగాళ్ళుగా వేషాలు కట్టి, స్పాంజి కత్తులతో సాయంత్రందాకా కొట్టుకుంటారు. కూతురు పట్టుబట్టడంతో ఇంగెలీస మొదటిసారి వెళ్ళింది. వేషాలు పంచుతుంటే ఓర్కుగా ఉండటానికి ఎవరూ చెయ్యెత్తలేదు. ఓర్కులంటే కోరలున్న అడవిజాతి. రంగు పూసుకోవాలి, చెమట పట్టాలి, చివర్లో ఓడిపోవాలి. "సరే, నేనుంటాలే, త్వరగా కానివ్వండి," అంది ఇంగెలీస. రెండు వేసవులు గడిచాక కూతురు హ్యాండ్‌బాల్‌లో పడి అడవి మొహం చూడటం మానేసింది. తల్లి మాత్రం ఉండిపోయింది. గ్రాష్క అనే పేరుతో ఓర్కులందరికీ నాయకురాలైంది. పాత సోఫా గుడ్డలు చింపి తోళ్ళలా కుట్టింది. చక్కగా చావడం నేర్చుకుంది. అదీ ఒక విద్యే. ఏడేళ్ళ సైనికుడు వచ్చి మోకాలి మీద కొడితే, వాడు నమ్మేలా పడాలి, వాడి మీద మాత్రం పడకూడదు.

ఇలా ఏళ్ళ తరబడి తన మానాన తను చస్తూ బతుకుతుంటే, ఎక్కడినుంచి ఊడిపడిందో ఆ గొడవ వచ్చిపడింది.

ఆటకు ఒక నియమాల పుస్తకం ఉంది. దాన్ని రాసింది ప్రేబెన్. ఒకప్పుడు వడ్రంగి, వయసుమీరి పని మానేశాడు. ఈ ఆటను మొదలుపెట్టింది ఆయనే కాబట్టి ఆయన మాటకు బరువెక్కువ. ఆ పుస్తకంలో ఓర్కుల గురించి, "వీళ్ళు పుట్టుకతోనే దుర్మార్గులు" అని ఒక వాక్యం ఉండేది. ఎవరూ పట్టించుకున్న వాక్యం కాదు. ఆ ఏడాది సర్వసభ్య సమావేశంలో మాల్టె లేచి నిలబడ్డాడు. ఆర్హుస్‌లో చదువుతూ, ఆట ఉన్నప్పుడల్లా రైల్లో వచ్చే కుర్రాడు. చిన్నప్పటినుంచీ ఇక్కడే ఆడి పెరిగాడు.

"ఆ వాక్యం తీసేయాలి," అన్నాడు. "ఒక జాతి మొత్తం పుట్టుకతో చెడ్డదని పిల్లలకు ఎలా చెప్తాం?"

"వాళ్ళు జాతి కాదు బాబూ, ఓర్కులు," అన్నాడు ప్రేబెన్. "లేనేలేరు వాళ్ళు. లేనివాళ్ళకు అన్యాయం ఎలా జరుగుతుంది?"

"లేరు సరే. వాళ్ళను ద్వేషించడం నేర్చుకుంటున్న పిల్లలు ఉన్నారు కదా."

"మరి ఆ పిల్లలు ఎవరితో యుద్ధం చేయాలి? చెట్లతోనా?"

అంతే, అక్కడినుంచి మాట మాటను తొక్కుకుంటూ పోయింది. నేలమాళిగల్లో ఉండే దయ్యాలు దుర్మార్గులా కాదా? పాములు? తోడేలుకు మంచీచెడూ ఉంటాయా? దుర్మార్గపు మంత్రగాడు పెంచిన పిల్లవాడి సంగతేంటి? ఇంగెలీస చేతిలోని కాఫీ చల్లారిపోయింది. సమావేశంలో ఆమె అడగాలనుకున్నది ఒక్కటే: అడవిలో గుడిసె పక్కన ఉన్న మరుగుదొడ్డి పొంగిపొర్లుతోంది, దాన్ని ఎవరు బాగుచేయిస్తారని. ఆ అంశం చివర్లో ఉంది. చివరిదాకా ఎవరూ వెళ్ళలేదు. ఓట్లు వేస్తే సగం ఇటు, సగం అటు వచ్చాయి. ఇంగెలీస ఓటు వేయలేదు. కోపంతో దాల్చినచెక్క రొట్టె తింటూ ఉండిపోయింది.

ఇక ఆమెకు నెమ్మది లేకుండాపోయింది. ఓర్కు వేషంలో ముదిరిన మనిషి కదా, ఆమె ఏం చెబితే అదే ధర్మమని రెండు పక్షాలవాళ్ళకూ తోచింది. మంగళవారం ప్రేబెన్ ఈతకొలనుకే వచ్చాడు, తువ్వాలు భుజాన వేసుకుని.

"ఇంగెలీసా, నువ్వు చెప్పు. గ్రాష్క మంచిదా?"

"స్నానం చేశావా?"

"చేస్తాలే. ముందు ఇది చెప్పు. దుర్మార్గం లేకపోతే ధైర్యం ఎందుకు? పిల్లలకు భయం ఉండాలి, భయాన్ని గెలవాలి. ఆ రుచి నేను ఈ ఊరికి చూపించాను. వాడొచ్చి చేదంటాడా?"

"నీ ఒంటిమీద చుక్క నీళ్ళు లేవు ప్రేబెన్. నడువు అటు."

ఆ సాయంత్రం ఆమె బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే మాల్టె ఫోన్ చేశాడు. గ్రాష్క జాతి అనుభవించిన బాధలన్నిటినీ ఒకచోట రాశాను, ఆ కాగితం నీకిస్తానన్నాడు. భూములు పోవడం, చలికాలాలు, ఆకలి.

"మా భూములు ఎప్పుడు పోయాయి?" అంది ఇంగెలీస.

"ఆటలో చెప్పలేదు కానీ, పోయే ఉంటాయి. ఆలోచించు."

"బంగాళాదుంపలు మాడుతున్నాయి మాల్టె."

అవి ఇంకా పొయ్యి మీదికే ఎక్కలేదు. ఫోన్ పెట్టేశాక భర్త ఏగన్ పేపరు పక్కకు దించి, "ఇంతకీ నువ్వు దుర్మార్గురాలివేనా?" అని అడిగాడు. "ఇంకొకళ్ళు ఆ మాట అడిగితే అవుతాను," అంది ఆమె.

ఓట్లతో తేలనిదాన్ని ఆటలోనే తేల్చుకుందామని ఎవరికి తోచిందో గాని, వచ్చే ఆటలో గ్రాష్కను పట్టి రాజుగారి ముందు విచారణ జరపాలని నిర్ణయమైంది. నేరం వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. వసంతంలో జరిగిన ఆటలో ఓర్కులు మనుషుల గాలిమరను తగలబెట్టారు. అట్టలతో చేసిన గాలిమరే, చుట్టూ ఎర్రగుడ్డ పేలికలు కడితే అది కాలిపోయినట్టు లెక్క. ప్రేబెన్ నేరం మోపుతాడు. మాల్టె ఓర్కుల తరఫున వాదిస్తాడు. ఇంగెలీసను ఎవరూ అడగలేదు. రంగు డబ్బా మాత్రం నిండుగా తెచ్చుకొమ్మని గుర్తుచేశారు.

ఆ ఆదివారం పొద్దుటినుంచీ వాన. రెండు చెట్ల మధ్య కట్టిన టార్పాలిన్ కింద రాజు కూర్చున్నాడు. మామూలు రోజుల్లో అతను ఉత్తరాలు పంచే తోర్కిల్. కిరీటం మీదినుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకుంటున్నాడు. పిల్లలు బురదలోనే చతికిలబడి చూస్తున్నారు. ఇంగెలీస చేతులు కట్టి నిలబెట్టారు. ఆమె పక్కన డోర్తె. ఆటలో ఆమె గ్రాష్క చెల్లెలు, పేరు ఉర్గ. టార్పాలిన్‌కున్న చిల్లు సరిగ్గా ఇంగెలీస మెడ మీదికే ఉంది. రంగు కరిగి కాలర్‌లోకి జారుతోంది.

ముందు ప్రేబెన్ మాట్లాడాడు. "రాజా, ఈ కోరలు చూడండి. ఎందుకు చంపావని పులిని అడుగుతామా? ఇది దీని రక్తంలోనే ఉంది. మరొకటి చేయడం దీనికి చేతకాదు."

తర్వాత మాల్టె. "రాజా, ఈమె ఆకలితో ఉంది. చలిలో ఉంది. మనం తరిమేసిన మనిషి ఈమె. ఆ గాలిమరకు నిప్పంటించింది మనమే. మరొకటి చేయడానికి ఈమెకు దారే లేదు."

మళ్ళీ ప్రేబెన్. మళ్ళీ మాల్టె. సంతలో గొడ్డును మధ్యన నిలబెట్టి, అటొకరు ఇటొకరు బేరమాడుతున్నట్టుంది. ఇంగెలీసకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్ళుగా తను సోఫా గుడ్డలతో కుట్టిన మనిషి గ్రాష్క. ఆమె ఎలా నడుస్తుందో, ఎవరిని చూస్తే పళ్ళు కొరుకుతుందో, ఏ పాట కూనిరాగం తీస్తుందో తనకు తెలుసు. వీళ్ళిద్దరికీ ఆ మనిషి అక్కర్లేదు.

"నేను మాట్లాడొచ్చా?" అంది.

తోర్కిల్ అటూ ఇటూ చూశాడు. నేరం మోపినవాళ్ళు మాట్లాడొచ్చో లేదో ఎవరూ ముందుగా అనుకోలేదు. "మాట్లాడు గ్రాష్కా," అన్నాడు.

"ఆకలి అన్నాడు ఈ అబ్బాయి. ఆ రోజు మేం కడుపునిండా తిన్నాం. జింకను కాల్చాం. గాలిమర యజమాని నన్ను చూసి నవ్వాడు. నా నడక చూసి, తన కూలీలకు చూపించి నవ్వాడు. అది మనసులో పెట్టుకుని రెండు ఆటలు... రెండు చంద్రుల కాలం ఆగి, వెళ్ళి తగలబెట్టాను. మండుతుంటే చూశాను. బాగుంది."

ఇంగెలీస ప్రేబెన్ వైపు తిరిగింది.

"ఇదిగో, ఈ ముసలాయన రక్తంలో ఉందంటున్నాడు. ఇది నా చెల్లెలు ఉర్గ. దీని రక్తం, నా రక్తం ఒకటే. వద్దక్కా అని నా చెయ్యి పట్టుకుంది. నేను నిప్పుపెడితే ఇది వాగునుంచి నీళ్ళు మోసింది. దీని చేతిలోంచి బాల్చీ లాక్కుని నేనే పారేశాను. నీ పుస్తకంలో ఇది కూడా దుర్మార్గురాలేనా?"



"నువ్వు నా తప్పు లేదంటున్నావు," అని మాల్టె వైపు తిరిగింది. "మరి ఎవరు తగలబెట్టారు? చలికాలమా? నేను చేశాను. నా చేత్తో. దాన్ని కూడా నాకు దక్కకుండా చేస్తావా? రాజా, ఉరి తియ్యాలంటే గాలిమర కోసం తియ్యండి. కోరల కోసం కాదు. నా చెల్లెల్ని వదిలెయ్యండి."

ముందు వరసలో కూర్చున్న ఒక చిన్న సైనికురాలు, ముక్కు కారుతూ, చెయ్యెత్తింది. బళ్ళో ఎత్తినట్టే.

"అలా చేసినందుకు నీకు బాధగా లేదా?"

ఇంగెలీస ఆ ప్రశ్నకు సిద్ధంగా లేదు. "గాలిమరకు లేదు," అంది. "బాల్చీ లాక్కున్నందుకు ఉంది."

డోర్తె వేషం సంగతి మరిచిపోయి ముక్కు తుడుచుకుంది. తోర్కిల్ చాలాసేపు కిరీటం సవరించుకుంటూ కూర్చుని, చివరికి చెల్లెలికి విడుదల, అక్కకు మరణశిక్ష అని చెప్పాడు. చెప్పాక అతనే ఇబ్బందిగా కదిలాడు. ఇంగెలీస బురదలో ఒదిగ్గా, పక్కకు, ఎవరిమీదా పడకుండా పడింది. ఈసారి మామూలు చావు కాదు. శిక్షపడి చచ్చిన పాత్ర మళ్ళీ లేవదు, అది ఆట నియమం. కళ్ళు మూసుకుని పడుకున్నాక గాని ఆమెకు ఆ సంగతి తట్టలేదు. గ్రాష్క ఇక లేదు. ఆటలో వేషానికి ఇంత బాధేమిటని తనను తనే తిట్టుకుంది.

సామాన్లు సర్దుతుంటే మాల్టె వచ్చాడు. "నేను రాసిచ్చిందాంట్లో ఒక్క ముక్క కూడా చెప్పలేదు నువ్వు."

"తడిసిపోయింది."

"కానీ నువ్వు చెప్పింది కూడా నా వాదనే కదా? పుట్టుకతో ఎవరూ..."

వెనకనుంచి ప్రేబెన్ అందుకున్నాడు. "నీ వాదన ఎట్లా అవుతుందిరా? మండుతుంటే బాగుందని అంది. చెవులారా విన్నాను. దుర్మార్గం అంటే మరేమిటి?"

"మీరిద్దరూ ఆ టార్పాలిన్ కొసలు పట్టుకోండి," అంది ఇంగెలీస. "ఆ చివర ఒకళ్ళు, ఈ చివర ఒకళ్ళు. పట్టుకుని, నోరు మూసుకుని మడతపెట్టండి."

మడతపెట్టారు. నోరు మాత్రం మూసుకోలేదు.

తర్వాతి సమావేశంలో ఆ వాక్యాన్ని తీసేశారు. ప్రేబెనే కొట్టేశాడు. ఎందుకని అడిగితే, ఉర్గకు అది సరిపోవడంలేదని గొణిగాడు. దాని బదులు ఏం రాయాలన్న దగ్గర మళ్ళీ గొడవై, అక్కడ ఖాళీగా వదిలేశారు. ఆ ఖాళీని ఎవరికి వాళ్ళు తమ గెలుపని చెప్పుకుంటున్నారు. ఇంగెలీస ఆ సమావేశానికి వెళ్ళలేదు. ఆ సాయంత్రం నిజంగానే బంగాళాదుంపలు ఉడకపెట్టుకుని తింది.

ఇక ఓర్కుగా వెళ్ళే వీలు లేదు కాబట్టి, చలికాలమంతా కూర్చుని గుడ్డలమ్ముకునే వర్తకురాలి దుస్తులు కుట్టుకుంది. మే నెలలో మూట భుజాన వేసుకుని, శుభ్రమైన మొహంతో అడవి దారిన బయలుదేరింది. వంపు తిరిగీ తిరగకముందే ఓర్కులు మీదపడ్డారు. ఇప్పుడు వాళ్ళ నాయకురాలు డోర్తె. ఇంగెలీసను ఫర్ చెట్టుకు కట్టేశారు. కట్టేసి, చుట్టూ కూర్చుని, ఈ వర్తకురాలిని చంపడం న్యాయమేనా అని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఈమె మనకేం చేసింది? ఈమె జాతి చేసినదానికి ఈమెను అనొచ్చా? గుడ్డలమ్మడం నేరమా?

ఎండ నడినెత్తికి వచ్చింది. తాడు ఒరుసుకుంటోంది.

"ఏయ్," అంది ఇంగెలీస. "చంపితే చంపండి. లేకపోతే ఆ ఫ్లాస్కులోంచి కాసిని కాఫీ పొయ్యండి."

"నువ్వు బందీవి, నోర్ముయ్యి," అంది డోర్తె తిరిగి చూడకుండానే. "ఇక్కడ ఇంకా తేలలేదు."

ఇంగెలీస చెట్టుకు తల ఆనించి, బరువుగా ఊపిరి వదిలింది.