పూడిక మట్టి మీద నేను పోసిన నీళ్ళు

మా చిన్నప్పుడు... ఎండాకాలం కాలువలు కట్టేసిన వారానికల్లా మా ఇంటి ముందు కాలువలో నీళ్ళు పోయి నల్లటి పూడిక బయటపడేది. వెంటనే పూడిక తీసే కూలీలు దిగేవారు... శ్రీకాకుళం వైపు నుంచి, పిల్లాజెల్లాతో సహా.

నేను ముదినేపల్లి దగ్గర పల్లెటూళ్ళో అమ్మమ్మ దగ్గర పెరిగాను. అమ్మానాన్నలు తాడేపల్లిగూడెంలో వ్యాపారం చూసుకునేవారు. ఇల్లేమో ఊరికి దూరంగా, కాలువ గట్టున... సెలవులిచ్చారంటే అమ్మమ్మతో, రెండు గేదెలతో తప్ప మాట్లాడ్డానికి మనిషి ఉండేది కాదు. గేదెలే నయం, కథ మధ్యలో కునుకు తీసేవి కావు.

అందుకే ఆ కూలీల మేస్త్రి అప్పలస్వామి కూతురు మంగ వచ్చిందంటే నా కాళ్ళు నేలమీద నిలిచేవి కావు. తనదీ నా వయసే, పదేళ్ళు. అచ్చనగాయల్లో నన్ను చిత్తుగా ఓడించేది.

తీసిన బురదను ఎక్కడో పారబోసేవారు కాదు. గట్టు పక్కన వరిగడ్డి వేసి, దానిమీద జానెడు మందాన పరిచేవారు. నీళ్ళు గడ్డిలోంచి ఊరి మళ్ళీ కాలువలోకే జారేవి. బీటలు తీసేదాకా ఆరాక ఆ మట్టి కొంత చేలకు, కొంత మా పెరడు మెరక చెయ్యడానికి. కొల్లేరు దగ్గరి ఊళ్ళు కదా... మెరక చెయ్యకపోతే వానల్లో వంటింట్లోకి నీళ్ళొచ్చేవి.

మట్టి మోయడం అయిపోతే కూలీలు వెళ్ళిపోతారు. మంగా వెళ్ళిపోతుంది. మరి మట్టి ఆరకపోతే?

రోజూ సాయంత్రం అప్పలస్వామి, పరిచిన మట్టిలో మా నూతి పక్కనున్న మూలకొచ్చి మడమతో నొక్కి చూసేవాడు. మడమ దిగితే ఇంకా ఆరనట్టు. నా బుర్రకు అంతే చాలు... మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే, నూతిలోంచి తోడి సరిగ్గా ఆ మూలన నాలుగు చిన్న బిందెలు పోసేదాన్ని.

"ఏవయ్యా అప్పలస్వామీ, ఇన్ని ఎండలు కాస్తుంటే ఇంకా ఆరలేదేంటయ్యా?" అనేది అమ్మమ్మ.

"ఏటోనమ్మా... ఈ యేడు మట్టి తడి ఒదలట్లేదు," అని తల గోక్కునేవాడు.

నాలుగు రోజులు ఇలాగే గడిచాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఐదో రోజు బిందె వంచుతూ వెనక్కి తిరిగితే మంగ నిలబడి ఉంది. తనూ సంతోషిస్తుందనుకుని, "నువ్వు వెళ్ళిపోకుండానే..." అన్నాను.

"ఊర్లో మాయమ్మకి పిల్లోడు పుట్టాడంట. ఇది ఆరితే ఎల్లి సూడొచ్చని రోజులు లెక్కెట్టుకుంటన్నాను," అంది. కళ్ళనిండా నీళ్ళు.

తనకూ ఒక ఊరుందని, అక్కడ తనవాళ్ళున్నారని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మంగ చెప్పేసినట్టుంది, ఆ సాయంత్రం అప్పలస్వామి మూలకు రాలేదు. తిన్నగా మధ్యకు వెళ్ళి నొక్కి చూశాడు. అక్కడ ఎప్పుడో ఎండిపోయి ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు, అమ్మమ్మకూ చెప్పలేదు. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది.

మర్నాటి నుంచి గంపలు కదిలాయి. మూడు రోజుల్లో పెరడు మెరకైంది. ఆ మూడు రోజులూ మంగ నాతో మాట్లాడలేదు. బండెక్కేటప్పుడైనా ఇటు చూస్తుందని గుమ్మంలో నిలబడ్డాను... చూడలేదు. మరుసటి ఏడు కూలీలకు బదులు పొక్లెయిన్ వచ్చింది.

ఈమధ్య ఏలూరులో కాలువ పక్కన పెద్ద పెద్ద గుడ్డ సంచుల్లోకి పైపుతో బురద ఎక్కిస్తుంటే ఆగి చూశాను. నీళ్ళు గుడ్డలోంచి ఊరి బయటికి పోతున్నాయి.

"ఆరాక ఇటుకలకీ, రోడ్డు మెరకకీ వాడతామండీ. మధ్యలో వానొచ్చినా ఏం పర్లేదండీ," అన్నాడు అక్కడున్న కుర్ర ఇంజనీరు.

మంచి పనే. మట్టి వృథా పోవడం లేదని సంతోషించాను కూడా. కానీ అక్కడ ఒక మోటారు, ఇద్దరు మనుషులు తప్ప ఎవరూ లేరు.

ఇప్పుడు పూడిక పనికోసం ఎవరూ పిల్లల్ని వెంటేసుకుని ఊరుగాని ఊరు రానక్కర్లేదు... మంగలాంటి పిల్లలు వాళ్ళమ్మల దగ్గరే ఉంటున్నారనుకుంటే హాయిగానే ఉంది. నేను మాత్రం ఉన్న ఒక్క నేస్తానికీ తప్పయిపోయిందని చెప్పుకోలేకపోయాను.

మీకూ అలా ఎండాకాలానికి వచ్చి వెళ్ళిపోయిన నేస్తం ఉంటే రాయండి... వెళ్ళేటప్పుడు మీతో మాట్లాడే వెళ్ళారా?