కోపానికి రెండు బిందెలు

మా కచేరి చప్రాసి తాత పోయాడని పోయిన నెల ఓ ఆదివారం మా ఇంటికొచ్చి చెప్పినవాడు, ఆయన మాట మీద ఏళ్ల తరబడి బిందెలు మోసినవాడే. తమ్ముడి మీద పదేళ్లుగా పొలం గెట్టు తగాదా నడుపుతున్న రైతు. "తాత పోయిండు సారూ. పొద్దుగాల దొడ్లె మల్లెచెట్టుకు నీళ్లు పోసి కూసున్నడట, మళ్ల లేవలే" అని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

పోలీసు యాక్షన్ అయిన కొత్తలో కరీంనగర్ తహశీలు కచేరి అంటే దుమ్ము, అరుపులు. అందులో తాత ఎవరినీ అడక్కుండా తోట వేశాడు. పగిలిన కుండల్లో బంతి, గోడ వెంట వంగ, దూరంగా మూలన నిమ్మ. నీళ్లు మాత్రం తాను పోసేవాడు కాదు. అర్జీ పట్టుకొచ్చినవాడి ముఖం చూసి మందు చెప్పేవాడు. మామూలు మనిషికి ఒక బిందె, బంతికి. కళ్లెర్రజేసినవాడికి రెండు, నిమ్మకు. "సాబ్ పనిల ఉన్నడు. జర గా చెట్టుకు పొయ్యి, అంతల పిలుస్త" అనేవాడు. తహశీల్దారు సాబు లోపల గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నా సరే.

ఈ అన్నదమ్ములకు మాత్రం ఇద్దరికీ కలిపి ఒకటే బిందె. ఒకడు బావిలోంచి చేదాలి, ఒకడు మోయాలి. "భూమి మీది కోపం భూమికే పొయ్యాలె" అనేవాడు. తగాదా తెగలేదు గానీ తిట్లు తగ్గాయి.

చెన్నూరు నుంచి వచ్చిన కొత్త గుమాస్తాను నేను. కిటికీ లేని అద్దె గదిలో ఉండి, పొద్దున్నే అందరి మీదా విరుచుకుపడేవాణ్ని. నాకు రోజూ రెండు. "నీది కోపం కాదు బిడ్డా. కంటికి పచ్చగ ఏం కనవడక పరేషాన్ అయితున్నవు" అన్నాడు. నెల తిరిగేసరికి పిలవకముందే వెళ్లి చేద పట్టుకునేవాణ్ని. ఆ పట్నంలో నేను నిలదొక్కుకున్నానంటే తాత చలవే.

తర్వాత వచ్చిన తహశీల్దారు జీపుకు షెడ్డు కావాలని, తోట పీకెయ్యమన్నాడు. తాత నిమ్మ వైపు ఒకసారి చూశాడు. "రేపు పీకుత సాబ్. ఇయ్యాల్టికి నీళ్లు బంద్ చేస్త" అన్నాడు. ఆ రోజు ఎవరికీ బిందె ఇవ్వకుండా, వచ్చినవాణ్ని వచ్చినట్టే లోపలికి పంపాడు. పదకొండింటికల్లా ఒకడు బల్ల గుద్దితే సిరాబుడ్డి కింద పడింది. మధ్యాహ్నం ఓ ముసలమ్మ దొరగారి చెయ్యి పట్టుకుని గంటసేపు వదల్లేదు. సాయంత్రం ఆయన బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. తాత ఆయన ముఖం పరీక్షగా చూశాడు.

"సాబ్‌కు మూడు."

మూడూ పోశాడాయన. జీపు ఎండలోనే ఉండిపోయింది.

పదో రోజున రైతూ నేనూ తాత ఇంటికి వెళ్లాం. బావి దగ్గర అతని తమ్ముడు అప్పటికే ఉన్నాడు. ఇక వీళ్లను ఆపేదెవరనుకున్నాను. తాత ఇల్లాలు కళ్లు తుడుచుకుని, వెక్కుతున్న నన్ను చూసి "నీకు రెండు, బిడ్డా" అంది. అన్నదమ్ముల వైపు తిరిగి ఒకటే బిందె పెట్టింది.

తమ్ముడు చేదాడు.

"నిండ పొయ్యరా" అన్నాడు అన్న.

"నిండే ఉన్నది, మొయ్యి."

అన్న బిందె భుజానికెత్తుకుని, సగం నీళ్లు తన మీదే ఒలకబోసుకుంటూ మల్లెచెట్టు వైపు నడిచాడు.