చూడని తనిఖీకి నా సంతకం

నా సంతకం వల్ల ఒక మనిషి ప్రయాణం ఆగిపోయింది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ సంగతిని నాకు అనుకూలంగా చెప్పుకొంటున్నానని గ్రహించి, జరిగినది జరిగినట్లు రాసిపెడుతున్నాను.

అప్పుడు కోరుట్లకు దగ్గరలోని ఒక ఊరి పాఠశాలకు నేను ప్రధానోపాధ్యాయుణ్ణి. మా వీధిలోని గీత కార్మికుడొకడు, చెట్లు ఎండి కల్లు రాక, దుబాయికి వీసా తెప్పించుకున్నాడు. ప్రయాణం పది రోజులుందనగా పోలీసులు గుడుంబా, అంటే నాటుసారా కోసం అతని ఇల్లు వెతికారు.

తనిఖీ జరిగేటప్పుడు ఊరివారిద్దరు పంచులుగా, అంటే సాక్షులుగా దగ్గరుండాలి. జప్తు చేసిన ప్రతి వస్తువూ పంచనామాలోకి ఎక్కిందని చూసుకొని సంతకం పెట్టాలి. మా దగ్గర రివాజు వేరు. అంతా ముగిశాక హెడ్ కానిస్టేబుల్ కాగితం పట్టుకొని బడికి వచ్చేవాడు.

"పెద్దసార్ సంతకముంటే కోర్టుల నోరు లేపెటోడుండడు" అనేవాడు. ఆ మాట నాకు గౌరవంగా తోచేది. ఆనాడూ నల్లబెల్లం, పటిక, ఒక డబ్బా అని చదివి, నా కుర్చీలోనే సంతకం పెట్టాను.

మరునాడు అతని భార్య వచ్చింది.

"సార్, పాస్‌పోర్టు గుడ తీస్కపోయిన్రు. అడిగితే కాగితంల లేదంటున్రు. మీరు సూసిన్రు గదా, జెర చెప్పున్రి."

చూడలేదని అనలేకపోయాను. కనుక్కుంటానని పంపించి ఠాణాకు వెళ్లాను. హెడ్ కానిస్టేబుల్ నవ్వాడు. "మీరే సంతకం పెడ్తిరి గద సార్, ఇంకేడిది పాస్‌పోర్టు?"

వీసా గడువు తీరిపోయింది.

గుడుంబా కేసు జగిత్యాల కోర్టుకు వచ్చింది. అక్కడ అతని వకీలు, తనిఖీ సమయంలో నేనెక్కడున్నానని అడిగాడు. "బడిలో" అన్నాను. మేజిస్ట్రేటు రాయడం ఆపి నావైపు చూశారు. తనిఖీలో లోపముంటే కేసు దానంతటదే పోదనీ, ఆ లోపం సాక్ష్యాన్ని ఎంత బలహీనపరిచిందో కోర్టు తూచి చూస్తుందనీ తరువాత చదివి తెలుసుకున్నాను. రెండో పంచు కూడా చూడలేదన్నాడు. కేసు కొట్టివేశారు. జాబితాలో లేని పాస్‌పోర్టు మాత్రం తిరిగి రాలేదు.

అతడు సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు నడపడానికి చేరాడు. వెతుక్కుంటూ వెళ్లాను. మగ్గాల హోరులోంచి బయటికి వచ్చి, "ఏంది సార్, గింత దూరమచ్చిన్రు? ఇంకేడనన్న సంతకం మిగిలిందా?" అన్నాడు. తోటివాళ్లు నవ్వారు. క్షమించమన్నాను.

"చూడలేదని కోర్టుల చెప్పిన్రు, మంచిదే. గా మాట మా ఆమె అచ్చిననాడే అంటే పని అయిపోతుండె. అప్పటికి పయనానికింక తొమ్మిది దినాలుండె."

అతడు మళ్లీ మగ్గాల హోరులోకి వెళ్లిపోయాడు.

దరఖాస్తుల మీద సంతకం కోసం నా దగ్గరకు రావడం ఊరివారు క్రమంగా మానేశారు. ఠాణావాళ్లు ముఖం తిప్పుకున్నారు. ఇప్పుడు కోరుట్లలో ఒక్కణ్ణే ఉంటున్నాను. కొన్ని రోజులు పాలవాడితో తప్ప ఎవరితోనూ మాట ఉండదు.

ఆ తనిఖీ వేళ ఆ ఇంట్లో ఉన్నవారు గానీ, చట్టం తెలిసినవారు గానీ ఇది చదివితే, నా తప్పులను మొహమాటం లేకుండా దిద్దవలసిందిగా కోరుతున్నాను.