అవ్వ చెప్పని వంటసోడా

అవ్వ కందిపప్పు ఎలా వండుతుందో రాసుకుందామని ఈ రోజు పొద్దున పెనుకొండ నుంచి కొత్తచెరువులోని అమ్మావాళ్లింటికి వెళ్ళాను. అవ్వ నవ్వింది. "దాంట్లో రాసుకునేకి ఏముండాది పాపా? పప్పు, నీళ్లు, రోంత పసుపు. మెత్తగా ఉడకల్ల, అంతే."

అలాగే కుక్కర్ పెట్టాను. ఆరు విజిళ్లు వచ్చినా పప్పు పలుకుగానే ఉంది. అమ్మ వచ్చి చూసి వంటసోడా డబ్బా తీసింది. అది ఖాళీ.

"అవ్వ సోడా సంగతి చెప్పలేదే?" అన్నాను.

"ఆయమ్మ బావి నీళ్లతో వండింది. బోరు నీళ్లు వచ్చినంక పప్పు ఉడకదని నేను చిటికెడు వేస్తాంటి. బోరు ఇంకా లోతుకు దింపిరి, నీళ్లు ఇంకా ఉప్పైనాయి. ఇప్పుడు అర చెంచా వేస్తాండా" అంది అమ్మ.

వంటకాలు ఇలా మారతాయన్నమాట అని నవ్వుకుంటూ వీధి చివరి అంగడికి వెళ్ళాను. అంగడాయన సోడా పొట్లం ఇస్తూ, "ముందు బజ్జీల బండోళ్లే కొంటాండ్రి మా. ఇప్పుడు ఊరంతా కొంటాండారు" అన్నాడు.

నా నవ్వు ఆగిపోయింది. అంటే ఊరంతటి నీళ్లూ చెడిపోయాయన్నమాట.

ఇంటికి వచ్చేసరికి, క్యాన్ నీళ్లు ఇంకా రాలేదని అక్క ఆ బోరు నీళ్లే గటగటా తాగుతోంది. అక్కకు ఏడో నెల. చెంబు లాక్కున్నాను.

"ఏమైందే?" అంది. "పప్పు కూడా ఉడకని నీళ్లు ఇవి, తాగొద్దు" అని చెంబు ఒలకబోశాను.

మీ ఇంట్లో పప్పుకు సోడా ఎప్పుడు మొదలైంది? అమ్మనడిగి చెప్పండి.